ప్రిన్స్‌టన్ డింకీ: 460 అడుగుల తగాదాలో అసలు పోయిందేమిటి?

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ప్రిన్స్‌టన్ ఊరి రైలు స్టేషన్‌ను యూనివర్సిటీ తన కొత్త కట్టడాల కోసం 460 అడుగులు, అంటే దాదాపు 140 మీటర్లు, దక్షిణానికి జరిపింది. ఇంత చిన్న దూరం కోసం ఊరు రెండుగా చీలింది. మునిసిపల్ సమావేశాల్లో వాదోపవాదాలు సాగాయి, వ్యవహారం కోర్టుకెక్కింది. బయటి నుంచి చూసేవాళ్ళకు ఇది తిన్నదరక్క పెట్టుకున్న తగాదాలా కనిపిస్తుంది. స్టేషన్ కోసం పోరాడినవాళ్ళ పక్షానే న్యాయం ఉందని నేను నమ్ముతాను. కాకపోతే వాళ్ళు ఓడిపోయింది 2013లో పట్టాలు పీకినప్పుడు కాదు. 1984లో ఒక అమ్మకం పత్రం మీద సంతకాలు పడ్డ రోజే ఓడిపోయారు.

ముందు ఆ లైను గురించి. న్యూయార్క్, ఫిలడెల్ఫియాల మధ్య నార్త్‌ఈస్ట్ కారిడార్ మెయిన్ లైను మీద ప్రిన్స్‌టన్ జంక్షన్ ఉంది. ఈ జంక్షన్ ఉన్నది వెస్ట్ విండ్సర్‌లో. మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్న ఊరు అది, పక్కనే ప్లెయిన్స్‌బరో. అక్కడి నుంచి ప్రిన్స్‌టన్ దాకా 2.7 మైళ్ళ ఒంటి లైను. దాని మీద ఒకటో రెండో పెట్టెలతో తిరిగే రైలును అందరూ డింకీ అంటారు. ప్రయాణం 5 నిమిషాలు. రైలు అటు వెళ్తుంది, ఇటు వస్తుంది, అంతే. జంక్షన్‌లో మెయిన్ లైను రైలును అందించడమే దాని ఉద్యోగం. ఈ మాట గుర్తుంచుకోకుండా డింకీ గురించి ఎంత మాట్లాడినా దండగే.

1865లో ఈ బ్రాంచి లైను వేసిన కొన్నాళ్ళకు స్టేషన్ చుట్టూ క్యాంపస్ పెరిగింది. క్యాంపస్‌లోని బ్లెయిర్ హాల్ మెట్లు దిగితే రైలే. 1918లో దాన్ని దక్షిణానికి తెచ్చి, యూనివర్సిటీ ప్లేస్ రోడ్డు పక్కన, ఇప్పుడు మెకార్టర్ థియేటర్ ఉన్నచోటికి ఎదురుగా రాతి భవనం కట్టారు. దాని పక్కనే సరుకుల షెడ్డు. 1980ల చివర్లో ప్లాట్‌ఫారం ఇంకాస్త దక్షిణానికి పోయింది. 2013 ఆగస్టులో ఆ స్టేషన్ మూసేసి, ఇంకా కిందికి ఒక తాత్కాలిక స్టేషన్ పెట్టారు. 2014 నవంబర్‌లో ఇప్పటి స్టేషన్ తెరిచారు. తాత్కాలిక స్టేషన్‌ను పక్కన పెడితే, మూడుసార్లూ జరిగింది ఒక్క దిక్కుకే. ఉత్తరాన ఊరి ప్రధాన వీధి నాసా స్ట్రీట్, దుకాణాలు, లైబ్రరీ, ఇళ్ళు ఉన్నాయి. దక్షిణాన ఆటస్థలాలు, కాలువ, కార్నెగీ సరస్సు ఉన్నాయి. ప్రతిసారీ స్టేషన్ మనుషులున్నవైపు నుంచి నీళ్ళవైపు జరిగింది. ఒక్కొక్క జరుపు చిన్నదే కాబట్టి ఒక్కొక్కసారీ "దీనికింత రాద్ధాంతమా" అనడానికి వీలైంది.

ఇక 460 అడుగుల లెక్క. మామూలు నడక సెకనుకు 1.4 మీటర్లు అనుకుంటే 140 మీటర్లకు 100 సెకన్లు. చేతిలో సూట్‌కేసు, పక్కన చిన్నపిల్ల, లేదా మోకాళ్ళ నొప్పి ఉంటే రెండున్నర నిమిషాలు. రైలు 140 మీటర్ల ముందే ఆగడం వల్ల కలిసొచ్చింది కూడా లెక్కలో వేద్దాం. స్టేషన్‌లోకి గంటకు 24 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలుకు ఆ దూరం 21 సెకన్ల పని. అంటే ప్రయాణికుడి దగ్గర 100 సెకన్ల నడక తీసుకుని 20 సెకన్ల కూర్చునే సమయం తిరిగిచ్చారు. రవాణా ప్రణాళికల్లో ఒక నిమిషం నడకను రెండు నిమిషాల ప్రయాణంతో సమానంగా కట్టడం మామూలు. ఎండలో, మంచులో, ఎత్తు ఎక్కుతూ నడిచే నిమిషం మనిషికి అంత బరువు కాబట్టి. ఆ లెక్కన ఒక్కో ప్రయాణానికి పెరిగిన భారం 200 సెకన్లు, కలిసొచ్చిన 20 తీసేస్తే 180. డింకీ మొత్తం ప్రయాణమే 300 సెకన్లు. 5 నిమిషాల రైలుకు మూడు నిమిషాల అదనపు భారం మోపి, దాన్ని స్వల్ప మార్పు అనడం ఎలా కుదురుతుంది?

అదే 460 అడుగులు 40 మైళ్ళ లైను చివర ఉంటే నేనూ పట్టించుకునేవాణ్ణి కాదు. చిన్న లైనుకు ప్రతి అడుగూ ఎక్కువ ఖరీదు. డింకీ పెట్టె పొడవు 85 అడుగులు. స్టేషన్ జరిగిన దూరం అయిదు పెట్టెల పొడవు దాటుతుంది. ఆ లైనుకు అంత పొడుగు రైలే ఉండదు.

"ఇంట్లోంచి రెండు నిమిషాలు ముందు బయలుదేరితే సరిపోతుంది కదా" అన్నవాళ్ళున్నారు. రోజూ వెళ్ళేవాడికి సరిపోతుంది. అతను వారంలో అలవాటు చేసుకుంటాడు. దెబ్బతినేది కారు, రైలు రెండూ చేతిలో ఉండి ఏ రోజుకారోజు నిర్ణయించుకునేవాడి విషయంలో. అతని మనసులో పోలిక ఇది: ఇంటి నుంచి డింకీకి నడవడం, డింకీ కోసం ఆగడం, జంక్షన్‌లో దిగి మళ్ళీ ఆగడం ఒకవైపు, కారు తీసి నేరుగా జంక్షన్‌కు పోవడం ఇంకోవైపు. పొద్దున న్యూయార్క్ వెళ్ళేవాళ్ళకు ఇంకో చిక్కుంది. డింకీ ఆగేది ట్రెంటన్ వైపు పోయే ప్లాట్‌ఫారం పక్కన. న్యూయార్క్ రైలు మెయిన్ లైనుకు అవతలి పక్కన వస్తుంది. అందుకే డింకీ దిగి సొరంగం మెట్లు దిగి, అవతల ఎక్కాలి. డింకీ రెండు మూడు నిమిషాలు ఆలస్యమైతే ఈ మెట్ల దగ్గరే రైలు తప్పుతుంది. తప్పిందంటే తర్వాతి రైలుకు అరగంట కాచుకోవడం మామూలే. రాత్రి ఆఖరి డింకీ తప్పిందంటే టాక్సీయే దిక్కు. ఇన్ని చోట్ల తెగే గొలుసుకు ఇంకో బలహీనమైన కడియం తగిలించడమే స్టేషన్‌ను జరపడం. ఆ గొలుసు వదిలేసినవాడు కారుతో జంక్షన్‌కు వస్తాడు. వెస్ట్ విండ్సర్ పార్కింగ్ పర్మిట్ కోసం ఆ రోజుల్లో జనం ఏళ్ళకేళ్ళు వెయిటింగ్ లిస్టులో ఉన్న సంగతి అక్కడున్న మనవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ప్రిన్స్‌టన్‌లో స్టేషన్ జరిగితే పోటీ పెరిగేది వెస్ట్ విండ్సర్ పార్కింగ్‌లో.

యూనివర్సిటీ వాదనను తేలిగ్గా తీసిపారేయను. వాళ్ళు కట్టింది షాపింగ్ మాల్ కాదు. నాటకం, నృత్యం, సంగీతం చదివే పిల్లల కోసం కళా భవనాలు కట్టారు. స్టీవెన్ హాల్ రూపొందించిన ఆ లూయిస్ ఆర్ట్స్ కాంప్లెక్స్ 2017లో తెరిచారు. రిక్ జాయ్ గీసిన కొత్త స్టేషన్ కూడా చూడ్డానికి బాగుంటుంది. అలెగ్జాండర్ స్ట్రీట్, యూనివర్సిటీ ప్లేస్ కలిసే చోట రౌండ్‌అబౌట్ వేశారు, అదీ మంచి పనే. కానీ ఈ కళా భవనాల కోసమే రైలు జరిగిందన్న మాట మాత్రం పూర్తి నిజం కాదు. అప్పటి ప్రెసిడెంట్ షర్లీ టిల్గ్‌మన్ 2011లో బహిరంగంగానే చెప్పారు: జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టవచ్చో చెప్పే మునిసిపల్ నిబంధన) మార్పు రాకపోతే కళా భవనాలు ఇంకోచోట కడతాం, స్టేషన్‌ను మాత్రం ఎలాగైనా జరుపుతాం అని. అసలు అవసరం పట్టాలకు అవతల ఉన్న పార్కింగ్ గ్యారేజీ. అలెగ్జాండర్ స్ట్రీట్ నుంచి ఆ గ్యారేజీకి కార్లు నేరుగా వెళ్ళాలంటే మధ్యలో రైలు పట్టాలు అడ్డం. వేల మంది ప్రయాణికుల నడక ఒక గ్యారేజీ గేటుతో తూకం వేయబడింది, గ్యారేజీ గెలిచింది.

పట్టాలు ఉంచి గ్యారేజీకి దారి ఇవ్వడం కుదరదా? లెవెల్ క్రాసింగ్ పెట్టొచ్చు. ఇదే లైను కాస్త కిందన ఫ్యాకల్టీ రోడ్డును లెవెల్ క్రాసింగ్ మీదే దాటుతుంది, కొత్త విషయం కాదు. లెక్క చూడండి. అమెరికా నిబంధనల ప్రకారం రైలు రావడానికి కనీసం 20 సెకన్ల ముందు హెచ్చరిక మొదలవాలి. ఆచరణలో 25, 30 ఉంటుంది. రెండు పెట్టెల రైలు 170 అడుగులు. నెమ్మదిగా పోయినా దారి దాటడానికి పది పన్నెండు సెకన్లు. గేటు లేవడానికి ఇంకో ఏడెనిమిది. ఒక్కోసారికి 45 సెకన్లు. గంటకు మూడు ట్రిప్పులు, అంటే ఆరుసార్లు దాటినా గేటు పడి ఉండేది 5 నిమిషాల్లోపే. మిగతా 55 నిమిషాలు కార్లకే.

ఇందులో చిక్కు లేదనను. స్టేషన్‌కు అంత దగ్గర గేటు పెడితే ప్లాట్‌ఫారంలో ఆగి ఉన్న రైలును, పట్టాల మీద రైలుందని పసిగట్టే ట్రాక్ సర్క్యూట్ పట్టేసి, రైలు కదిలేదాకా గేటు ఎత్తకుండా ఉంచేస్తుంది. రైలు పది నిమిషాలు ఆగితే కార్లూ పది నిమిషాలు ఆగాలి. అలా జరగకుండా రైలు ఆగగానే గేటు లేచి, మళ్ళీ బయలుదేరే ముందు గార్డు బటన్ నొక్కితేనో, బయలుదేరే సిగ్నల్ అడిగితేనో గేటు పడేలా కట్టాలి. ఇది తెలిసిన పనే, కానీ నిర్వహణ ఖర్చు ఉంటుంది, నెలనెలా తనిఖీలు ఉంటాయి. పైగా అమెరికాలో ఉన్న లెవెల్ క్రాసింగులను తగ్గించాలన్నది విధానం. కొత్తది అడిగితే రైల్వేవాళ్ళు మొహం చిట్లిస్తారు. యూనివర్సిటీ పక్షాన ఉన్న గట్టి వాదన ఇదొక్కటేనని నా ఉద్దేశం. అయినా, సిటీ నడిబొడ్డున స్టేషన్‌ను కాపాడేందుకు ఒక ప్రైవేటు దారి కోసం గేటు కట్టడమా, గ్యారేజీ కోసం స్టేషన్‌ను కదిలించడమా అన్న ప్రశ్న వస్తే, జవాబు చెప్పాల్సింది రైలు నడిపే సంస్థ. ఆ సంస్థ చేతులు అప్పటికే కట్టేసి ఉన్నాయి.

ఇక్కడే 1984కు రావాలి. రాష్ట్ర ప్రభుత్వ రవాణా సంస్థ న్యూజెర్సీ ట్రాన్సిట్ 1983లో కాన్‌రైల్ అనే రైల్వే కంపెనీ నుంచి ప్యాసింజర్ రైళ్ళను చేతికి తీసుకుంది. మరుసటి ఏడే ప్రిన్స్‌టన్ స్టేషన్ భవనాన్ని, దాని స్థలాన్ని యూనివర్సిటీకి అమ్మింది. రైలు నడపడానికి అవసరమైన ఈజ్‌మెంటు మాత్రం అట్టిపెట్టుకుంది. మన ఊళ్ళలో ఒకరి పొలం గుండా ఇంకొకరి బండి పోయే బాట హక్కు ఉంటుంది చూడండి, అలాంటిది. బాట హక్కు ఉందంటే బండి పోవచ్చు, అంతవరకే. బాట ఏ గట్టు మీద నుంచి ఎంత వెడల్పున పోవాలో కాగితం మీద కొలతలు వేసి రాసుకోకపోతే, పొలం యజమాని దాన్ని పక్కకు జరిపినప్పుడు అడిగే గొంతు పెగలదు.

ఆ ఒప్పందంలో యూనివర్సిటీకి తన ఖర్చుతో స్టేషన్ ముగింపును దక్షిణానికి జరుపుకునే వీలు ఇచ్చారు. అదే కొంప ముంచింది. "సేవ్ ద డింకీ" అనే పోరాట సంఘం వాళ్ళు కోర్టులో ఏమన్నారంటే: ఆ హక్కు ఒక్కసారికే, 1980ల చివర్లో ప్లాట్‌ఫారం జరిపినప్పుడే అది వాడుకున్నారు, ఇక లేదు. యూనివర్సిటీ, ట్రాన్సిట్ సంస్థ రెండూ కాదన్నాయి. కోర్టు వాళ్ళిద్దరి మాటే ఒప్పుకుంది. ఒప్పందంలోని రెండు పక్షాలూ ఒకే అర్థం చెబుతుంటే, సంతకం పెట్టని ప్రయాణికులు వేరే అర్థం ఉందని నిరూపించడం ఎంత కష్టమో ఊహించండి. అప్పుడు స్టేషన్‌కు వచ్చిపోయే జనం తరఫున మాట్లాడేవాడు ఆ పత్రంలో ఎవరూ లేరు. ట్రాన్సిట్ సంస్థే జనం ప్రతినిధి అనుకోవాలి, కానీ దానికి స్థలం పోయాక తగాదాతో పనేముంది? కొత్త స్టేషన్ ఎవరో ఖర్చు పెట్టి కట్టిస్తామంటే వద్దనే ప్రభుత్వ సంస్థ ఉండదు.

అలాంటి అమ్మకం ఇంకెక్కడ జరిగినా పత్రంలో ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటిని విడమరిచి చెప్పాలి. మొదటిది, రైలు ఆగే చివరి బఫర్ కట్టె ఎక్కడుందో సర్వే కొలతలతో రాయాలి. "స్టేషన్ ప్రాంతం" లాంటి మాటలు ఎందుకూ పనికిరావు. ఎన్నిసార్లు జరపవచ్చో, ఒక్కోసారి ఎన్ని అడుగులో, మొత్తం మీద ఎంత దాటకూడదో అంకెల్లో ఉండాలి. "జరుపుకోవచ్చు" అని ఒక్క క్రియాపదం రాసి వదిలేస్తే అది ఎన్నిసార్లన్నది లాయరు తేలుస్తాడు. మార్పుకు మునిసిపాలిటీ రాతపూర్వక సమ్మతి తప్పనిసరి చేయాలి, బహిరంగ విచారణ జరిగాకే. ఇది లేకపోవడం వల్లే ప్రిన్స్‌టన్‌లో అప్పట్లో వేర్వేరు మునిసిపాలిటీలుగా ఉన్న బరో, టౌన్‌షిప్ రెండూ జోనింగ్ అనే పక్కదారి నుంచి బేరాలాడుకోవాల్సి వచ్చింది. జోనింగ్ మార్చడం వాళ్ళ చేతిలో ఉంది, స్టేషన్ లేదు. 2011లో ఒప్పంద పత్రం మీద సంతకాలు అయ్యాయి, ఆ ఏడాది చివర్లో జోనింగ్ మారింది. బదులుగా భవిష్యత్తులో నాసా స్ట్రీట్ దాకా రవాణా దారికి చోటు అట్టిపెడతామన్న మాట దొరికింది. అట్టిపెట్టిన చోటు రైలు కాదు. అది ఎవరూ డబ్బు పెట్టనంతకాలం పచ్చిక.

పట్టాలు ఒకసారి తీస్తే తిరిగి వేయడం ఎందుకు జరగదో కూడా చెప్పాలి, ఎందుకంటే "కావాలంటే తర్వాత పొడిగించుకోవచ్చు" అన్న మాట అప్పుడు బాగా చెలామణి అయింది. లైను చివర జరపాలంటే బఫర్ కట్టె, ప్లాట్‌ఫారం మార్చితే పోదు. పైన కరెంటు తీగ ఉంది. ఈ లైను 1936లో విద్యుదీకరణ అయింది. ఆ తీగను లాగి పట్టుకునే ఆఖరి స్తంభం, దాని పునాది, వెనక్కు లాగే గై తీగలు అన్నీ కొత్త చోట కట్టాలి. పాత స్తంభాలు తీశాక పాత దారిలో కింద నీళ్ళ పైపులు, డ్రైనేజీ, కేబుళ్ళు వేస్తారు, పైన రోడ్డు వేస్తారు. ఇక్కడ గ్యారేజీ దారే పాత పట్టాల మీదుగా వెళ్తోంది. ఇప్పుడు లైనును తిరిగి 460 అడుగులు ఉత్తరానికి పొడిగించాలంటే అదే లెవెల్ క్రాసింగ్ ప్రశ్న మళ్ళీ వస్తుంది. ఈసారి దారి ముందే ఉంది, రైలు కొత్తగా వచ్చేది. కొత్తగా వచ్చేదే ఎప్పుడూ సంజాయిషీ చెప్పుకోవాలి.

పాత భవనం 1984లోనే జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కింది. రాళ్ళు నిలిచాయి. లోపల రెస్టారెంట్లు వచ్చాయి. భవనాన్ని కాపాడే చట్టానికి దాని ఉపయోగాన్ని కాపాడే బలం లేదని దీంతో తేలింది. ఇంకెక్కడైనా స్టేషన్ కోసం వారసత్వ జాబితాను నమ్ముకునేవాళ్ళు ఇది గమనించాలి.

రైలు బదులు బస్సు పెడితే పోలేదా అన్నవాళ్ళకు 2018 అక్టోబర్ నుంచి 2019 మే వరకు జవాబు దొరికింది. రైళ్ళలో ఆటోమేటిక్ బ్రేకు భద్రతా వ్యవస్థ అమర్చే పని పేరుతో ఆ ఏడు నెలలూ డింకీని ఆపేసి బస్సులు తిప్పారు. రూట్ 1 హైవే దాటాల్సిన బస్సు సాయంత్రం పూట 5 నిమిషాల్లో జంక్షన్ చేరదు. ఆ తర్వాత 2019 చివర్లో అలెగ్జాండర్ స్ట్రీట్ మీద రెండు వంతెనలు మార్చడానికి ఆ రోడ్డునే నెలల తరబడి మూసేశారు. కార్లు, బస్సులు చుట్టూ తిరిగాయి. డింకీ మాత్రం తన దారిన తను తిరిగింది. సొంత దారి ఉండటమంటే అదే.

ఇప్పుడు ఆ సొంత దారి భవిష్యత్తే చర్చలో ఉంది. డింకీ నడిపే ఏరో-3 పెట్టెలు 1970ల చివర్లో తయారైనవి. వాటి బదులు వస్తున్న మల్టీలెవెల్ (రెండంతస్తుల) రైళ్ళను ఈ బుల్లి లైనుకు సరిపెట్టడం కష్టం. అందుకని న్యూజెర్సీ ట్రాన్సిట్ ఈ దారిని చదును చేసి, అందులోనే లైట్ రైల్, బస్సు రెండూ నడిచే ఏర్పాటును ముందుకు తెచ్చింది. నేను దీన్ని వ్యతిరేకించను. తేలికపాటి ట్రాం బండి మలుపులు తిరగగలదు, ఎత్తు ఎక్కగలదు, స్టేషన్ దగ్గర ఆగిపోకుండా యూనివర్సిటీ ప్లేస్ మీదుగా నాసా స్ట్రీట్ దాకా పోగలదు. 1918 నుంచి పోగొట్టుకుంటూ వచ్చిన దూరాన్ని తిరిగి తెచ్చుకునే అవకాశం నూరేళ్ళలో ఇదే మొదటిది.

అయితే ఆ ప్రణాళిక మీద అడగాల్సిన ప్రశ్నలు గట్టిగా ఇప్పుడే అడగాలి. బండి ఎక్కడ ఆగుతుంది, ఆ చోటిదాకా ఎంతకాలం వస్తుందని హామీ? తారు వేసిన దారిని రేపు మామూలు బస్సు రోడ్డుగా, ఎల్లుండి యూనివర్సిటీ షటిల్ రోడ్డుగా మార్చకుండా ఆపే వాక్యం ఎక్కడుంది? జంక్షన్‌లో మెయిన్ లైను రైలు నాలుగు నిమిషాలు ఆలస్యమైతే ఈ బండి కాచుకుంటుందా, ఎంతసేపు? కాచుకోకపోతే దానికి కొత్త పెట్టెలు ఎందుకు? పని జరిగే నెలల్లో బస్సులు తిప్పుతామంటారు, 2018 నాటి బస్సుల అనుభవం ఉంది కాబట్టి ఆ బస్సుల టైం టేబుల్‌ను ముందే బయటపెట్టాలి. వెస్ట్ విండ్సర్ టౌన్‌షిప్ సమావేశాల్లో ఈ ప్రశ్నలు అడిగే హక్కు అక్కడ ఇల్లు కట్టుకుని పన్ను కడుతున్న మన కుటుంబాలకు అందరితో సమానంగా ఉంది. జంక్షన్ వాళ్ళ ఊళ్ళోనే ఉంది, పార్కింగ్ వాళ్ళ ఊళ్ళోనే నిండుతుంది.

యూనివర్సిటీతోనో ట్రాన్సిట్‌తోనో ఊరు చేసుకునే తర్వాతి ఒప్పందంలో ఆఖరి స్టాపుకు సర్వే కొలతలు, జరపడానికి ఊరి సమ్మతి, ఒప్పంద పక్షాల్లో ఊరి పేరు ఉండాలి. ఈ మూడూ కౌంటీ రిజిస్ట్రీలో నమోదు అయ్యేదాకా పాత పట్టాల మీద ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకూడదు.